నాయన పెట్టిన నల్లపొగ

గద్వాలలో నాకో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లికొడుకుల గడ్డాలు పైకెత్తీ ఎత్తీ విసుగొచ్చిన రోజుల్లో, హైదరాబాదు ప్రచురణకర్త ఒకాయన తన పుస్తకం అట్టకు ఆవిరి ఇంజిన్ ఫొటో అడిగాడు. ఎగిరి గంతేశాను. ఒకప్పుడు రైలింజిన్లలో బొగ్గు వేసిన మా నాయన నాగన్నను వెంటబెట్టుకుని, ఈశాన్య కొండల్లో అలాంటి ఇంజిన్ ఇంకా పనిచేస్తున్న ఒక బొగ్గుగనికి పోయాను.

మూడు రోజులూ పొగమంచే. తెల్లటి మంచులో తెల్లటి ఆవిరి ఏం కనిపిస్తుంది, నా తలకాయ! నాలుగో రోజు మధ్యాహ్నం మా తిరుగు రైలు. పొద్దున బొగ్గుబండి వెళ్లేటప్పుడు నల్లపొగ లేస్తేనే నాకు ఫొటో దక్కుతుంది.

డ్రైవర్‌ను బతిమాలితే అతను నవ్వి, పార నాయన చేతికే ఇచ్చాడు. ఇక నా పంట పండిందనుకున్నాను.

డెబ్బై రెండేళ్ల మనిషి నడుముకు తువ్వాల బిగించి, మంట రంగు చూసుకుంటూ సగం సగం పారతో బొగ్గు పరిచాడు. బండి నా ముందునుంచే హాయిగా ఎత్తు ఎక్కింది. గొట్టంలో పొగ జాడే లేదు! డ్రైవర్ ఏమో ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు చూసి చప్పట్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్లు పట్టడానికి బండి కొంత ముందుకెళ్లి ఆగితే పరుగెత్తాను.

"పొగ ఏది నాయనా?"

"పొగొస్తె బొగ్గు సగమే కాలినట్టు బిడ్డా. గట్ల కాల్చెటోన్ని మా షెడ్డుల నవ్వుతుండ్రి. పదకొండేండ్లు చేసిన, ఒక్కనాడు మాట పడలె."

"మరి నా ఫొటో? గింత దూరం ఎందుకొచ్చినం?"

నాకు లోపల సిగ్గుగానే ఉంది, కానీ తగ్గలేదు. కూత వేసి బండి కదలబోతుండగా, ఆయన నడుముకున్న తువ్వాల విప్పి మొఖానికి చుట్టుకున్నాడు.

"నన్ను గుర్తుపట్టకుండ తియ్యి" అని, నిండు పారలు నాలుగు వరసగా కుమ్మరించాడు. మంచును చీల్చుకుని నల్లపొగ లేచింది. కళ్లు తుడుచుకుంటూనే కెమెరా మీట నొక్కాను.

పుస్తకం వచ్చింది. స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్లకూ నాయనే అట్ట చూపిస్తాడు. నిన్న పక్కింటి భూలక్ష్మక్క అడిగింది, "మొఖానికి బట్ట కట్టిండు, ఎవరే సౌజన్యా?" అని.

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు.

"ఎవడో, పని రానోడు."