డాక్టరు రాసుకున్న మొదటి మాట

పరదేశికి పదేళ్ళ శిక్ష పడిన రోజున అతని భార్య పార్వతి కోర్టు వరండాలో కూలబడి ఏడవలేదు. “పైకోర్టు ఉంటుందటగా, దానికెలా వెళ్ళాలండీ?” అని కనపడిన ప్రతి నల్లకోటునీ అడిగింది.

ముసునూరు దగ్గర మామిడితోటలో పరదేశి ఆరేళ్ళుగా కాపలాదారు. తోట గుత్తకు తీసుకున్న నూజివీడు వ్యాపారి తిరుపతిరావును, ఓ వేసవిలో పొద్దుగూకే వేళ, తోట దారిలో ఎవరో కత్తితో పొడిచి సంచీ లాక్కుపోయారు. పొడిచింది పరదేశేనని బతికి బయటపడ్డ తిరుపతిరావు కోర్టులో చెప్పాడు. వారం ముందే ఇద్దరికీ మాటామాటా వచ్చింది కనుక అందరూ నమ్మారు. దోపిడీ, హత్యాయత్నం రెండూ రుజువయ్యాయన్నారు.

పార్వతికి చదువు రాదు. తీర్పు నకలూ సాక్ష్యాల కాగితాలూ సంపాదించి, పగలంతా కాయలు కోసి, సాయంత్రాలు బడిపంతులమ్మ ఆరోగ్యం చేత చదివించుకునేది. వారం గడిచేసరికి ఆరోగ్యం విసిగిపోయింది.

“అంతా మీవాడికి ఎదురుగానే ఉందమ్మా. ఇంకేం చదవను?”

“ఒక్క ముక్క కూడా వదలకండి టీచరుగారూ.”

ఆఖరున ఆసుపత్రి చీటీ మిగిలింది. గాయాల లోతులు చదువుతూ పోయి ఆరోగ్యం ఒకచోట ఆగింది. ఆసుపత్రికి తీసుకురాగానే తిరుపతిరావు తెలివిలో ఉండి డాక్టరుతో అన్న మాట అది: ‘ముక్కూ మొహం తెలియని ఇద్దరు పొడిచారు.’

పార్వతి దిగ్గున లేచింది. “ఆరేళ్ళు రోజూ చూసిన మనిషి ముక్కూ మొహం తెలియనివాడెలా అవుతాడండీ?”

హైకోర్టులో ఉచితంగా వాదించడానికి కోర్టువారు ఇచ్చిన వకీలు ప్రభాకరరావు కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు. “దెబ్బ తిన్న మనిషే చెబుతుంటే కష్టమమ్మా.”

“ఇది చదవండి బాబూ. కింది కోర్టులో దీని గురించి ఎవరూ అడగలేదు.”

ఆయన రెండుసార్లు చదివి, అంతసేపూ నిలబడే ఉన్న ఆమెకి కుర్చీ చూపించాడు.

అప్పీలు విచారణకి రావడానికి రెండేళ్ళు పట్టింది. నెలకోసారి రాజమండ్రి జైలుకి వెళ్ళి “వస్తుంది, ఉండు” అని మొగుడికి చెప్పి వచ్చేది. చివరికి విచారణ జరిగిన రోజున, ప్రభాకరరావు ఆ చీటీలోని మాటే జడ్జీలకి చదివి వినిపించాడు. రెండు శిక్షలూ కొట్టేశారు.

జైలు నుంచి వచ్చిన మర్నాడే పార్వతి పరదేశిని వెంటబెట్టుకుని నూజివీడులో తిరుపతిరావు కొట్టుకి వెళ్ళింది. ఆయన తలెత్తలేదు. “మసక చీకటి... ఆసుపత్రికి వచ్చినవాళ్ళంతా నువ్వేనన్నారు పరదేశీ. నాకూ అలాగే అనిపించింది.”

“వాళ్ళన్నది కాదండీ. మీరు చూసింది చెప్పాల్సింది,” అంది పార్వతి.

ఆ ముక్క ఆయన మొహం మీదే అనేసి, మొగుడి చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.