రోజీకి దీవెన

“రోజీ గారూ, కాస్త టీ ఇస్తారాండీ?”

ముందు గదిలోంచి భర్త స్టీఫెన్ మాట వినబడగానే కొబ్బరి కోరుతున్న పుష్పలత చెయ్యి ఆగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో “పుష్పా, టీ!” తప్ప ఆ నోట ఇంకో మాట వినలేదు. పోనీ రోజీ మనిషా అంటే అదీ కాదు. దోహాలో ఉద్యోగం మానేసి రాజోలు వచ్చేస్తూ అతను తెచ్చిన వంట రోబో. మర్యాదగా అడిగితేనే పని చేస్తుందట మహాతల్లి.

నెల రోజులు రోజీ పుష్పలత పక్కనే నిలబడి, ఆమె చేతుల్నే చూసి చేపల పులుసు నేర్చుకుంది. అది మొదటిసారి వండిన రోజు అత్తగారు రాహేలమ్మ లొట్టలేస్తూ, “ఏం పులుసమ్మా రోజీ! చెయ్యి కడుక్కోబుద్ధెయ్యట్లేదు” అంది. అదే పులుసు పుష్పలత వండినన్నాళ్లూ ఆవిడ ఉప్పు గురించి తప్ప మాట్లాడలేదు. మరమనిషిని చూసి కుళ్లుకోవడమేమిటని తనకే సిగ్గేసింది, అయినా కుళ్లు ఆగలేదు. అన్నిటికంటే దాని విశ్రాంతి చూస్తే ఒళ్లు మండిపోయేది. “రోజుకి ఆరు గంటలు రెస్టివ్వాలంట, లేపోతే చేతులు పాడైపోతాయని కాగితంలో రాసేరు” అని ఇంటిల్లిపాదినీ హెచ్చరించాడు స్టీఫెన్. పుష్పలత వేళ్ల కీళ్లు వాచి ఏడాదయింది. కాస్త బామ్ రాసుకోమన్నాడు.

కొత్త బండి కొన్నా, ఇల్లు కట్టినా పెట్టించినట్టే రాహేలమ్మ ఆదివారం సాయంత్రం రోజీకీ పాస్టరు గారిని పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. రోజీ ముందు గదిలో రెస్టులో ఉంది కాబట్టి వచ్చినవాళ్లకి టీ కాచే పని పుష్పలతదే అయింది. వంటింట్లోకి పాస్టరు గారి గొంతు వినబడుతోంది. రోబో చేతుల మీద చెయ్యి వేసి, “తండ్రీ, అలుపెరగని ఈ చేతుల కష్టాన్ని దీవించు” అంటున్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

పుష్పలత స్టవ్ కట్టేసింది.

“ఇంకెవరికైనా ప్రార్థన అవసరతలున్నాయా అమ్మా?” అని పాస్టరు గారు అడిగేసరికి, ఆమె వచ్చి రోజీ పక్క కుర్చీలో కూర్చుంది.

“ఏమే, టీ ఏదే?” అంది రాహేలమ్మ.

“రోజీ లేచాక అడగండి అత్తయ్యగారూ. మర్యాదగా అడిగితే ఇస్తుంది.”

స్టీఫెన్ ఏదో అనబోయాడు. పుష్పలత అటు చూడలేదు. వాచిన చేతులు రెండూ పాస్టరు గారి ముందు చాపింది.

“దానికి పని నేర్పిన చేతులివేనండి. వీటికీ ఓ ప్రార్థన చెయ్యండి. అలుపెరగనివని మాత్రం అనకండి.”