మేకుకు నోచుకున్న నాన్నమ్మ

నేను ఒక నకలుని. అసలుది వేరే ఉంది. అరవై ఏళ్ళ కిందట కాకినాడలో ఒక సైకిళ్ళ కొట్టాయన గీయించిన ప్రకటన అది: సైకిలు మీద కొంగు ఎగరేసుకుంటూ నవ్వుతున్న అమ్మాయి, కింద ‘ఎక్కండి! ఇక దిగరు!’ అన్న అక్షరాలు. బ్రేకులు లేవేమోనని జనం భయపడ్డారో ఏమో, కొట్టు మూతపడింది. ఆ కాగితం ఎవరి అటక మీదో దొరికితే, ఇళ్ళకు అలంకరణ బొమ్మలమ్మే హైదరాబాదు కంపెనీ ఒకటి నన్ను అచ్చేసింది. పాతకాలపు బొమ్మ కావాలట, పాతకాలపు తెలుగు మాత్రం గోడకు నప్పదట. అక్షరాలు కత్తిరించేశారు.

నన్ను కొన్నది మంజీర, కిశోర్ అనే కొత్త దంపతులు. కాకినాడలోనే విశ్వేశ్వరంగారింట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. ఆయనకు గోడలంటే కన్నబిడ్డల కంటే ఎక్కువ. దేవుడి పటాలకీ, పోయిన పెద్దల ఫొటోలకీ తప్ప మేకు కొట్టకూడదు. కొడితే ఇల్లు ఖాళీ చేయాలి. సరేనని చేరిన మర్నాడే నన్ను వేలాడదీశారు. సుత్తి చప్పుడుకి ఆయన మెట్లు దిగి వచ్చారు.

“ఎవరండీ ఈవిడ?”

“మా నాన్నమ్మండి,” అన్నాడు కిశోర్. “పోయారండి.”

“సైకిలు తొక్కేవారా?”

“మంత్రసానండి. ఊళ్ళన్నీ తిరగాలి గదండీ.”

ఒక్క మాటతో నేను చచ్చాను. సాయంత్రానికల్లా నాకో ప్లాస్టిక్ దండ, నుదుట కుంకుమ, ముందు అగరొత్తి. విశ్వేశ్వరంగారు ఎప్పుడొచ్చినా నాకు దణ్ణం పెట్టేవారు. నవ్వుతూనే ఉండే బొమ్మని గనక సరిపోయింది.

నెల తిరక్కుండానే గోడకు చెమ్మ వస్తోందంటే చూడటానికి వచ్చారాయన. వెనకే వాళ్ళమ్మ కనకరత్నమ్మగారు కూడా దిగింది. ఎనభై దాటిన మనిషి. పై వాటాలో వెనకగది దాటి వచ్చింది లేదు. నన్ను చూసి ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

“ఒరే, ఇది నేను గదరా!”

విశ్వేశ్వరంగారు విసుక్కున్నారు.

“మతి పోయిందా అమ్మా? ఆవిడ పోయారు.”

“నేను పోతే నాకు తెలీదేంట్రా? పెళ్ళికి ముందు సైకిళ్ళ కొట్టాయన ఎక్కి కూర్చోమంటే కూర్చున్నాను. వెనకాల ఇద్దరు పట్టుకున్నారు. తొక్కడం నేర్చుకుంటానంటే మా నాన్న కాళ్ళు విరగ్గొడతానన్నాడు. ఇదిగో, గడ్డం మీద పుట్టుమచ్చ. చూసుకో.”

ఆయన పుట్టుమచ్చ చూశారు, నన్ను చూశారు, ఆఖరికి కిశోర్‌ని చూశారు.

“అబద్ధమాడి మేకు కొట్టారన్నమాట! నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేయండి.”

“చేయించు,” అందావిడ. “నేనూ వీళ్ళతోనే పోతాను. పైన నేనున్నానో పోయానో నువ్వు తొంగిచూసి ఎన్నాళ్ళయింది? ఇక్కడ పోయాక కూడా రోజూ చూసుకుంటున్నారు.”

నాకు ఏడుపొచ్చింది. నవ్వుతున్న మొహంతో ఏడవడం ఎంత కష్టమో మీకేం తెలుసు!

ఎవరూ ఖాళీ చేయలేదు. నాకు అగరొత్తి మానేశారు. నా ఎదురుగా ఆవిడకో కుర్చీ వేసి, రోజూ నాలుగింటికి కాఫీ ఇస్తున్నారు. మొదట్లో మంజీర ఇచ్చేది. ఈమధ్య విశ్వేశ్వరంగారే పైనుంచి గ్లాసు పట్టుకుని దిగుతున్నారు.