పట్టీ లేని తోడేలు

తోడేళ్లను మళ్లీ తెచ్చి వదిలితే పొదిలి పక్కనున్న ఆ ఊళ్లో బతుకుతాయా లేదా తేల్చడమే అటవీ శాఖలో అమూల్య ఉద్యోగం. రెండేళ్లుగా బీళ్లన్నీ జల్లెడ పట్టింది. ఒక్కటీ కంటపడలేదు. ఎక్కడైనా ఉంటే ఆ బీడు చుట్టూ కంచె వేసి కాపాడతామని చెప్పి అడిగితే, లేవనే అన్నారు అందరూ. ఇక బయటినుంచి తేవలసిందే, దానికి ఊరు ఒప్పుకోవలసిందే. ఊరు కాదంటే ఆ జంతువు ఈ నేల మీద మళ్లీ అడుగుపెట్టదు. అది తలుచుకుంటే ఆమెకు అన్నం సహించేది కాదు.

తీరా సభ పెడితే పెద్ద గొడవేమీ జరగలేదు. అడవిపందులు పత్తిని, మిరపను కుళ్లగిస్తున్నాయి, తోడేలొస్తే మంచిదేగా అన్నాడు రైతు బుల్లయ్య. మేకలు కాసుకునే ఖాజావలి ఒక్కడే లేచాడు.

"మా మేకను తింటే ఎవరిస్తారమ్మా?"

"మేమే ఇస్తాం బాబాయ్. మేం తెచ్చిన ప్రతి తోడేలు మెడకీ, అది ఎక్కడ తిరిగిందో చెప్పే పట్టీ ఉంటుంది. అది తిన్నదని తేలితే చాలు, డబ్బులు మీ ఇంటికొస్తాయి."

"పట్టీ లేనిది తింటేనో?"

అమూల్య నవ్వింది. "లేనివాటి గొడవ మనకెందుకు? దానికైతే ఇవ్వలేం."

ఖాజావలి తలూపి కూర్చున్నాడు. అందరూ చేతులెత్తారు. ఆ పూట అమూల్య కాలు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున, తెచ్చేవాటికి అనువైన చోటు చూద్దామని వాగు వైపు నడుస్తుంటే ఘాటు గొంతు పట్టుకుంది. తాలు మిరపకాయలు కాలుతున్న ఘాటు. దగ్గుతూ గట్టు దిగింది. ఖాజావలి ముఖానికి తువ్వాలు చుట్టుకుని, గట్టులోని బొరియ ముందు మంటలో ఇంకో గుప్పెడు కాయలు వేస్తున్నాడు. పక్కన చచ్చిన కూనలు పడున్నాయి. కుక్కపిల్లలేలే అనుకుని సర్దుకోవడానికి ఆమెకు వీల్లేకపోయింది. రెండేళ్లు తిరిగింది వాటి కోసమే.

"ఏం చేశారు బాబాయ్?"

"ఘాటమ్మా, దూరంగా ఉండండి. ఏటా ఇది ఇక్కడే ఈనుద్ది. అప్పుడప్పుడూ ఓ మేకపిల్లను లాక్కుపోయినా, దాని వాటా అదీ అని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడట్టా కుదరదుగా. ఇవీ మీవీ కలిసిపోతే ఏది తిన్నదో ఎట్టా తేలుద్ది? పట్టీ లేనిదే తిన్నదంటారు మీవాళ్లు. అందుకే పాతవి తీసేస్తన్నా."

"ఉన్నాయని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బీడు చుట్టూ కంచె వేస్తారంటిరి. నా మేకల్నెక్కడ మేపుకోను?"

అమూల్య మంటను కాలితో తన్నేసి, నేల మీద పడుకుని బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. బొచ్చు తగిలింది. తల్లి. కదిపినా కదల్లేదు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది, కానీ ఈ లెక్క అతనికి నేర్పింది తన నోరే. నవ్వుతూ మరీ నేర్పింది.

వెనక ఖాజావలి కళ్లు తుడుచుకుని, పని చక్కగా పూర్తయిన తృప్తితో అడిగాడు.

"మావైపు నుంచి అంతా అయిపోయిందమ్మా. మీవి ఎప్పుడొస్తాయి?"

ఆమె చెయ్యి ఇంకా ఆ బొచ్చు మీదే ఉంది. వెచ్చగానే ఉంది.