ఈ ఇంటి ఆడపిల్ల

మా వాళ్ళు ఇల్లు కొనరు, కట్టుకుంటారు. తమిళనాడులో కడంబూరు చుట్టుపక్కల రేగడి పల్లెల్లో ఏ తెలుగు రైతునైనా అడగండి, ఇదే చెబుతాడు. ఇంకొకరు కాపురం చేసి వదిలిన ఇంట్లో దిగడమంటే, ఇంకొకరు తిని లేచిన ఆకులో అన్నం పెట్టించుకోవడమేనట. నేను మాత్రం పట్టుబట్టి కొనిపించాను. కోవిల్‌పట్టిలో, మా అమ్మాయి వైష్ణవి బడికి రెండు వీధుల దూరంలో, పెరట్లో కరివేపాకు చెట్టున్న మేడ ఇల్లు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను.

"పరాయోళ్ళ ఇల్లు వాంగేదా తాయమ్మా?" అని మా ఆయన అక్క కాళియమ్మ వదిన, కొనడమంటేనే గిట్టక, దీర్ఘం తీసింది. "ఆడ ఎవురు పుట్టిరో, ఎవురు సచ్చిరో, మనకేమి తెలుసును?"

"పునాది తవ్వేదానికి మీ తమ్ముడికి ఎప్పుడు తీరుతుంది వదినా? లారీ దిగితే కదా!" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది.

అమ్మినవాళ్ళు విరుదునగరం తమిళులు, వ్యాపారస్తులు. యజమాని కుమారవేల్ తాళాలు నా చేతికిస్తూ, "మాకు ఇల్లు కూడా సరుకేనమ్మా. కావాలంటే కొంటాం, అక్కర తీరితే అమ్ముతాం. గోడలు పట్టుకుని వేలాడితే వ్యాపారం సాగుతుందా?" అని తమిళంలో అన్నాడు. ఆ తీరు నాకు భలే నచ్చింది. ఆయన భార్య ముత్తుసెల్వి మాత్రం వీధిలో కారులోనే కూర్చుంది. ఎండలో ఎందుకమ్మా, లోపలికి రమ్మని ఎంత పిలిచినా దిగలేదు.

పాలు పొంగించిన రోజే నేను తప్పు చేశాను. కన్నెగా పోయిన ఆడపిల్లను మా ఇళ్ళల్లో ఇంటిసామిగా కొలుస్తారు. మాకు ఆమె మా మామగారి అక్క, చిన్నతనంలోనే పోయింది. ఏటా ఆమెకు కొత్త పావడా కుట్టించి తాటాకు పెట్టెలో పెడతాం. ఇల్లు మారితే ఆ పెట్టె కొత్త ఇంట్లో పెట్టి, ఆకులో చక్కెర పొంగలి వడ్డించి, గడపలో నిలబడి ఆమెను పేరు పెట్టి పిలవాలి. పిలవాల్సిన మనిషి మా ఆయన వేలాయుదం. ఆయన లారీ చూస్తే సాత్తూరు దగ్గర చెడిపోయి ఆగింది. అవతల మంచి గడియ దాటిపోతోంది. మా కోడళ్ళం మామగారి తరం పెద్దల పేర్లు పలకం, పోయినవాళ్ళవైనా సరే. ఇక్కడ కూడా రాయను.

"కొంచెం తాళు తాయమ్మా, వాడు వచ్చేస్తాడు. నేను కూడా ఇంకొక ఇంటికి పోయినదాన్నే కదా, నేను పిలవకూడదు" అని వదిన అంటూనే ఉంది. ఆగితే నేను తాయమ్మాళ్‌ని ఎలా అవుతాను? గడపలో నిలబడి, "ఈ ఇంటి ఆడపిల్లా, రావమ్మా. వచ్చి అన్నం తిను, పావడా కట్టుకో" అని మూడుసార్లు గట్టిగా పిలిచాను.

లోపల గదిలో నుంచి ఎవరో పరుగెత్తి వస్తున్నట్టు గజ్జెల చప్పుడైంది. వైష్ణవి కాబోలు అనుకున్నాను. కిందికి చూస్తే అది నా పక్కనే, నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

వారం తిరగకముందే నా కూతురు మారిపోయింది. ఒకరోజు మెట్ల కింద గూట్లోకి భుజం దాకా చెయ్యి పెట్టి నాలుగు గోళీలు తీసింది. అవి అక్కడున్నాయని నీకెవరు చెప్పారే అంటే, "నేనే దాచాను" అంది. పెట్టె తెరిస్తే కొత్త పావడా అంచు నిండా తడి మట్టి. మాకు గడప అవతల తమిళం, ఇవతల తెలుగు. ఇది ఇవతల కూడా తమిళమే మాట్లాడసాగింది. బడి అలవాటు కాబోలని మొదట్లో ఒక మొట్టికాయ వేసి ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం దోసెలు పోస్తుంటే నా దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగింది. "ఆంటీ, నీంగ ఎప్పో పోవీంగ?"

మీరెప్పుడు వెళ్ళిపోతారని! నవమాసాలు మోసి కన్న నన్ను ఆంటీ అని పిలిచి అడుగుతోంది. పెనం మీద దోసె మాడి పొగలొస్తున్నా నా చెయ్యి కదల్లేదు.

సంగతి విని కాళియమ్మ వదిన నెత్తి కొట్టుకుంది. "పేరు చెప్పకుండా పిలిచితివి కదే! ఈ ఇంటి ఆడపిల్లా అంటివి. మన సామి పాప ఈ ఇంటిదా? ఈ ఇంటి పిల్ల ఎవురో అదే వచ్చుండాది. దాన్ని పిలుచుకొని పొయ్యేదానికి కన్నతల్లి రావల్ల, ఇంకెవురి వల్లా కాదు."

మరునాడే బస్సెక్కి విరుదునగరం వెళ్ళాను. ముత్తుసెల్వి కొట్టు మీది మేడలో ఒంటరిగా ఉంది. నేను నోరు తెరవకముందే, "బృంద కనిపించిందా?" అని అడిగింది. వాళ్ళమ్మాయట. తొమ్మిదో ఏట, మూడు రోజుల జ్వరంతో ఆ ఇంట్లోనే పోయిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చెప్పకుండా ఎలా అమ్మారమ్మా? ఇల్లు సరుకన్నాడే మీ ఆయన, కన్నబిడ్డ కూడా సరుకేనా?" అని అరిచేశాను.

ఆమె నా మీద కోపగించుకోలేదు. "అలా అనుకోకపోతే ఆయన తాళం మీ చేతిలో పెట్టలేకపోయేవారు. నేను ఆ రోజు కారు దిగి ఉంటే మళ్ళీ ఎక్కేదాన్ని కాదు" అంది. నాకు సిగ్గేసింది. నా బిడ్డను నాకిప్పించమని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు ఉదయం పది గంటలకు ముత్తుసెల్వి వచ్చింది. వదిన ఆమెకు తమిళంలో ఒకటికి రెండుసార్లు చెప్పింది. గడప బయట నిలబడి మూడుసార్లు పిలవాలి. ఆ తరవాత కారు దాకా నడిచి వెళ్ళాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఆ పిల్ల మళ్ళీ ఇంటికే వస్తుంది, ఇక ఎవరు పిలిచినా కదలదు. కారు వీధి చివర ఆపి ఉంది. నేను వైష్ణవిని గడప లోపల గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"బృందా, వాడీ కణ్ణు, రామ్మా. అమ్మ వచ్చానమ్మా."

మూడో పిలుపుకు వైష్ణవి ఒక్క విసురున లేచింది. అంత బలం ఎక్కడిదో! "వదలండి ఆంటీ! మా అమ్మ వెళ్ళిపోతోంది!" అని తమిళంలో అరుస్తూ నా చెయ్యి కొరికింది, గోళ్ళతో రక్కింది. నేను వదల్లేదు. ముత్తుసెల్వి కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తోంది. "అమ్మా, అమ్మా" అని ఇది అరిచినప్పుడల్లా ఆమె అడుగు తడబడుతోంది. అయినా తిరగలేదు.

ఆమె కారు దగ్గరికి చేరేసరికి వైష్ణవి ఒళ్ళు మెత్తబడింది. వీధిలో ఎవరూ లేకపోయినా, గజ్జెల చప్పుడు మా గడప దాటి ఆమె వెనకే వెళ్ళడం నేను చెవులారా విన్నాను. నా కూతురు కళ్ళు తెరిచి, "అమ్మా, దప్పి" అంది. తెలుగులో! ప్రాణం లేచొచ్చింది. దాని మొహమంతా ముద్దులు పెట్టుకుని, నీళ్ళు తెమ్మని వదినను కేకేసి, వీధి వైపు చూశాను.

ముత్తుసెల్వి కారు తలుపు తీసి పట్టుకుంది. ఎక్కమంటున్నట్టు పక్కకు జరిగి నిలబడింది. ఎక్కిందో లేదో చూసుకోవాలిగా తల్లి. వెనక్కి తిరిగింది.

గజ్జెలు వీధంతా పరుగెత్తుకుంటూ వచ్చి మా గడప దాటాయి. నా ఒడిలోని పిల్ల నా చేతులు మెల్లగా విడిపించుకుని లేచి, పావడా దులుపుకుంది.

"థ్యాంక్స్ ఆంటీ" అంది.

వదిన శాపనార్థాలు మొదలుపెట్టింది. ముత్తుసెల్వి నడివీధిలో కూలబడి నా వైపు దండం పెడుతోంది. ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. నేనైనా వెనక్కి తిరిగి చూసేదాన్నే.