ఆల్టన్‌కు ఆరుగురు

నా భర్త ఆల్టన్ నలభై ఏళ్లు ఒకే మనిషితో పోట్లాడాడు. ఆ మనిషి చచ్చి నూట డెబ్బై ఏళ్లయింది. దయ్యాల కథలూ, ఓ కాకి మీద పద్యమూ రాసి, చిన్న వయసులోనే దిక్కులేకుండా పోయిన ఆ రచయిత ఒకప్పుడు బాల్టిమోర్‌లో మా పక్కింట్లో అద్దెకున్నాడు. ఆ పాపానికి వాడి అభిమానులు మా పాలరాతి మెట్ల మీద చతికిలబడి ఫొటోలు దిగుతారు. నేను పొద్దున్నే పొడి వేసి తోమిన మెట్లు! ఆల్టన్ పైకిటికీలోంచి అరిచేవాడు: "లేవండి! ఇక్కడ దయ్యాల్లేవు, మా ఆవిడే ఉంది!"

ఆ రచయిత శవం వెంట పట్టుమని పదిమంది నడవలేదట. అందుకని ఏటా అక్టోబరులో వీళ్లు నల్లకోట్లు తొడిగి, ఉత్త శవపెట్టె మోస్తూ మళ్లీ శవయాత్ర చేస్తారు. సరిగ్గా ఆ రోజే నేను ఆల్టన్‌ను సాగనంపాల్సి వచ్చింది.

చర్చి ముందు బండి ఆగింది. పెట్టె మోయడానికి ఆరుగురు కావాలి. ఆల్టన్‌తో రేవులో పనిచేసిన ముసలాళ్లు నలుగురే వచ్చారు. అందులో ఒకాయనకు మోకాలు వంగదు, మోయలేడు.

"బండివాళ్లను పిలవనా వదినా?" అంది నా ఆడపడుచు వర్నెల్.

"వద్దు. కూలికొచ్చినవాళ్లు మోయడానికా ఆయన బతికింది?" నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడే వీధి మలుపులోంచి నల్లకోట్ల గుంపు వచ్చింది. భుజాన బొమ్మకాకి పెట్టుకున్న ఓ పొడుగాయన మమ్మల్ని చూసి మురిసిపోయాడు.

"అబ్బ, మీ పెట్టె అచ్చం నిజందానిలా ఉందండీ! ఏడుపు కూడా భలే కుదిరింది!"

గుంపంతా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నిజందే నాయనా! లోపలున్నది నా మొగుడు!"

చప్పట్లు ఆగిపోయాయి. టోపీలు దిగాయి.

"తప్పైపోయిందమ్మా..." పొడుగాయన నోరు తడబడింది. "పైకిటికీ ఆయనా?"

"ఆయనే."

"ఆయన చేత తిట్లు తినందే మాకు యాత్ర చేసినట్టుండదమ్మా. పొద్దున కిటికీ మూసుంటే అందరం బెంగపడ్డాం."

ఇలాంటివాళ్లను ఏమనాలి?

"ముగ్గురు కావాలి," అన్నాను. "ముందు ఆ కాకిని తీసెయ్."

ముగ్గురిని అడిగితే ముప్ఫైమంది ముందుకొచ్చారు. తను జీవితమంతా తరిమినవాళ్ల భుజాల మీదే ఆల్టన్ చర్చిలోకి వెళ్లాడు.

సాయంత్రం పరామర్శకు వచ్చి, ఆ నల్లకోట్లవాళ్లందరూ మా గుమ్మం ముందు బిక్కమొహాలతో నిలబడ్డారు. ఒక్కడూ మెట్టు తాకడే!

"ఏడిశారు, కూర్చోండి," అన్నాను. "రేపెలాగూ తోముతాగా."