తెడ్డు మీద తలగుడ్డ

పోలరాజుకి నోటి తీట ఎక్కువ. ఆ సంగతి బందరు దిగువన అతని పాలెంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. భవానీపురం దగ్గర కృష్ణ ఒడ్డున వెలసిన ‘నాటి పల్లె’ పార్కులో మాత్రం తెలియదు. తెలియని చోట నోటి తీటని అనుభవం అంటారు.

నాటి పల్లె అంటే వందేళ్ల కిందట ఈ నది ఒడ్డున జనం ఎలా బతికారో చూపించే చోటు. టిక్కెట్టు కొని లోపలికి వెళితే ఒక పాకలో వడ్లు దంచుతుంటారు, ఒక పాకలో కుండలు చేస్తుంటారు, ఇంకో పాకలో బడిపిల్లల్ని కూర్చోబెట్టి వల అల్లడం నేర్పుతుంటారు. ఆ దంచేవాళ్లూ చేసేవాళ్లూ అందరూ పొద్దున్నే సెల్‌ఫోన్లు ఆఫీసులో అప్పగించి, పాతకాలం బట్టలు కట్టుకున్న జీతగాళ్లే. పోలరాజూ అతని భార్య మంగాయమ్మా అక్కడ జాలరి దంపతులు. అతను పడవ పని చూపిస్తాడు, ఆమె ఉప్పుచేపలు ఆరబెడుతుంది. సముద్రం మీద ఒళ్లు అరగదీసుకుని, ఎడమ భుజం పట్టు తప్పి ఇంట్లో కూర్చున్న మనిషికి దొరికిన నీడపట్టు పని అది.

మేనేజరు లక్ష్మీకాంత్ మంచివాడు, మర్యాద తెలిసినవాడు. ప్రతి ఆదివారం సాయంత్రం నది మీద ఒక ఆట ఆడించాలని అతనికి కోరిక పుట్టింది. ఉప్పు బస్తాల పడవ తుపానులో చిక్కుకోవడం, ఒడ్డునున్నవాళ్లు వెళ్లి కాపాడటం. ఒకరోజు టీ ఇప్పించి పోలరాజుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“అచ్చం జరిగినట్టే ఉండాలి పోలరాజు గారూ. ఆ రోజుల్లో సాయం కావాలంటే ఏం చేసేవారండీ?”

అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకుంటే పోలరాజు ఎందుకవుతాడు?

“ఆ రోజులేంటి బాబూ, ఈ రోజైనా అంతే. ఫోనులు అందని లోతుకెళ్లాక ఇక పడవ నిలవదని తేలిపోయిందనుకో, తలగుడ్డ ఇప్పి తెడ్డు కొసన కట్టి నిలువునా ఎత్తుతాం. అది కనపడిందంటే పగోడైనా సరే, చేతిలో వల కోసి పారేసి రావాల్సిందే.”

“ఎవరైనా సరదాకి ఎత్తితే?”

“ఎత్తరు బాబూ. ఒడ్డున పిల్లలు ఆటకి ఎత్తినా మా ముసలోళ్లు వాతలు పెట్టేవోళ్లు. అబద్ధానికి ఎత్తితే నిజం వచ్చి కూచుంటదని.”

“అద్భుతమండీ! ఇదే పెడదాం,” అన్నాడు లక్ష్మీకాంత్. ఇంత గొప్ప సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదని కూడా అన్నాడు. ఆ మాటకి పోలరాజు పొంగిపోయాడు. మనిషి ముసలివాడైతే పొగడ్త ముసలిదవుతుందా?

మంగాయమ్మకి తెలిసిన రోజున ఇంట్లో పొయ్యి వెలగలేదు.

“చావు బతుకుల గుర్తుని తిరనాళ్లలో పెట్టొచ్చావా మావా? రేపు నిజంగా ఎత్తితే నాకెట్టా తెలుస్తది?”

“ఈ కృష్ణలో నాకు నిజంగా ఏవొస్తదే? సముద్రాన్నే ఈదినోణ్ని.”

“అయితే నువ్వే ఎత్తుకో. నేను మాత్రం చూడను.”

అన్నట్టే ఆమె చూడలేదు. ఆదివారం ఆటలో తెడ్డు పైకి లేచే వేళకి చేపల పందిరి దగ్గర నదికి వీపు పెట్టి నిలబడేది. అతను ఊరుకున్నాడా? ఆట రక్తి కట్టాలని తన సొంత కవిత్వం కూడా కలిపాడు. తెడ్డు ఎత్తి, “మంగా! మునిగిపోతన్నానే మంగా! ఇది నిజవే!” అని గావుకేకలు వేసేవాడు. ఒడ్డున ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. లక్ష్మీకాంత్ మైకులో ఆ గుర్తు కథంతా తీరిగ్గా చెప్పి, ఆ తర్వాత ఈల వేసేవాడు. అప్పుడు కాపాడే పడవ బయల్దేరేది. చప్పట్లే చప్పట్లు.

ఆ వీడియోలు పాలెం దాకా వెళ్లాయి. కొడుకు మణికుమార్ ఫోన్ చేసి నవ్వాడు. “నానా, నిన్ను చూసి మన కుర్రోళ్లు కూడా సముద్రం మీద తలగుడ్డలెత్తి వీడియోలు తీసుకుంటన్నారు.” పోలరాజు ఆ ముక్క పార్కులో పదిమందికి చెప్పుకుని మురిశాడు. మంగాయమ్మ మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఎండలు ముదిరాక ఆట ఆపేసి, పడవని ఒడ్డుకి లాగి, రంగులు వేసి రేకుల షెడ్డులో పెట్టారు. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలు ఆ రేకుల మీదే కాశాయి. చెక్క పడవ నీళ్లలో ఉంటేనే పడవ, ఎండితే జల్లెడ. పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. మళ్లీ బరువెక్కించాలంటే ముందు దాన్ని అంచుల దాకా ముంచి, కొన్నాళ్లు నాననిచ్చి, పలకలు ఉబ్బి సందులు మూసుకునే దాకా ఆగాలి. ఇది పోలరాజుకి తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

లక్ష్మీకాంత్ వచ్చి అడిగాడు కూడా. “ఈ ఆదివారం ఊళ్లో పెద్దలంతా వస్తున్నారండీ. మీకు సన్మానం కూడా అనుకున్నాం. పడవ సిద్ధమేనా? కాకపోతే చెప్పండి, ఇంకో వారం చూసుకుందాం.”

“సిద్ధం కాకపోవడవేంటి బాబూ, నేనుండగా!”

సన్మానం అన్న మాట చెవిన పడ్డాక ఇంకో వారం దాకా ఎవడాగుతాడు? సందుల్లో నార కూరి, పైన గుగ్గిలం మెత్తి, శనివారం పడవని రేవులో కట్టాడు. ఆదివారం పొద్దున చూస్తే అడుగున చెంబెడు నీళ్లు. తోడి పారబోసి, ఇంతే కదా అనుకున్నాడు. అది ఖాళీ పడవ. నీళ్లు తగిలిన అడుగు పలకలే నానాయి. పైపలకలు ఇంకా పొడిగానే ఉన్నాయి. ఆ సంగతి తట్టలేదని అనడానికి లేదు. తట్టింది, తోసేశాడు.

ఆటలో పడవ మీద ఒక పిల్ల ఉండాలి. ఎప్పుడూ ఎక్కే, పార్కు జీతగాళ్ల పిల్ల క్రిస్టినాకి ఆ రోజు జ్వరం. “నేనెక్కుతా తాతా,” అంది హేమ. హేమ మణికుమార్ కూతురు, బడి చదువు కోసం తాత దగ్గర ఉంటోంది. పాలెంలో మగపిల్లలకి ఈత నేర్పినట్టు ఆడపిల్లలకి నేర్పరు. హేమకీ రాదు.

కాపాడే పడవ నడిపే గంగాధర్ ఒక నారింజరంగు జాకెట్టు పట్టుకొచ్చాడు. “బాబాయ్, పాపకి ఇది తొడుగు.”

“వందేళ్ల కిందట ఇయ్యెక్కడివిరా? నేను లేనా దానికి?” అన్నాడు పోలరాజు. అడుసు తొక్కే కాలు ఎవరు అడ్డుపడినా ఆగదు.

బస్తాలు ఎక్కించారు. పైకి ఉప్పు బస్తాలు, లోపల ఇసక. పడవ బరువుకి దిగింది. పొడిగా ఉన్న పైపలకలు నీళ్లలోకి దిగాయి. ఒడ్డున ఉన్నంతసేపూ మౌనంగా ఉన్న సందులు నది మధ్యకి వెళ్లాక నోళ్లు తెరిచాయి.

ముందు అతని మడమ తడిసింది. తర్వాత హేమ, “తాతా, చాప తేలతంది,” అంది. పోలరాజు చాప ఎత్తి చూశాడు. ఒక్క చోట కాదు, పక్క పలకల పొడవునా నీళ్లు సన్నగా లోపలికి దూకుతున్నాయి. గుగ్గిలం పెచ్చులు తేలుతున్నాయి.

తోడటానికి చెంబు కూడా తేలేదు. దోసిళ్లతో తోడాడు. బస్తా ఒకటి కుడిచేత్తో లాగి అంచు మీదికి నెట్టాడు. భుజం కలుక్కుమంది, కళ్లు బైర్లు కమ్మాయి, బస్తా మళ్లీ పడవలోనే పడింది. బ్యారేజీ ఎగువన నది నిండుగా ఉంది. ఒంటి చేత్తో పిల్లని పట్టుకుని అంత దూరం ఈదలేడు. సముద్రాన్నే ఈదినోణ్నని గొప్పలు పోయిన మనిషికి ఒడ్డు అందనంత దూరంగా కనిపించింది.

తలగుడ్డ విప్పి తెడ్డుకి కట్టాడు. తెడ్డు నిలువునా ఎత్తాడు.

ఒడ్డున చప్పట్లు మోగాయి.

“చూడండి!” అంటోంది మైకు. “ఇదీ మన జాలరుల సంప్రదాయం. ఈ గుర్తు కనిపిస్తే పగవాడైనా వల కోసి...”

“గంగాధరూ! ఆట కాదురా! ఇది నిజవే!” అని అరిచాడు పోలరాజు. చప్పట్లు ఇంకా పెరిగాయి. నిజవే అని కూడా ఆటలో అరిచింది తనే కదా. పొదల చాటున, ఫొటోల్లో పడకుండా దాచిన మోటారు పడవలో గంగాధర్ ఈల కోసం చూస్తున్నాడు. అతని తప్పేం లేదు.

హేమ తాత నడుముని కావలించుకుని ఏడవసాగింది. నీళ్లు ఆమె మోకాళ్లు దాటాయి. “ఆ చిన్నారి ఎంత బాగా చేస్తోందో చూడండి,” అంది మైకు. జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

“మంగా!” అని గొంతు చించుకున్నాడు. పందిరి దగ్గర మంగాయమ్మ వీపు కనిపిస్తూనే ఉంది. తిరగలేదు. ఎందుకు తిరుగుతుంది? ఆ కేక వినీ వినీ ఆమె చెవులు ఎప్పుడో మూసుకుంది. ఆ గుర్తుని నిజంగా గుర్తుపట్టగల మనిషి ఆ ఒడ్డున ఒక్కతే ఉంది, ఆ ఒక్కత్తి చేతా తనే ముఖం తిప్పించాడు. ఏ మాట అరిచినా అది ఆటలో మాటే. ఏడుపు కూడా ఆటే. తన దగ్గర నిజమంటూ ఒక్కటీ మిగల్చుకోలేదని పోలరాజుకి అప్పుడు అర్థమై, నోట మాట పోయింది.

మాట పోయిన ఆ క్షణంలోనే అతనికి తోచింది.

హేమ నోటి మీద అరచెయ్యి పెట్టాడు. “అరవమాక తల్లీ. ఏడవమాక. ఊరుకో. తాత మీద ఒట్టు, ఊరుకో.”

పిల్ల వెక్కుతూ ఊరుకుంది. పోలరాజు నోరు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని అతను చేసి ఉండడు. తెడ్డు నిలువుగా పట్టుకుని, మోకాలు లోతు నీళ్లలో, కదలకుండా నిలబడ్డాడు. లోపల ప్రాణం కేకలు పెడుతోంది. పెదవి దాటనివ్వలేదు.

ఒడ్డున జనం కాసేపు చూసి గుసగుసలాడారు. కేక రావలసిన చోట కేక రాలేదు. మళ్లీ రావలసిన చోటా రాలేదు. పందిరి దగ్గర మంగాయమ్మ చేతిలో చేప అలాగే ఆగిపోయింది. తల కొంచెం వంచి విన్నది. ఏమీ వినపడలేదు. అప్పుడు తిరిగి చూసింది.

చూసి ఆమె అరవలేదు, మైకు వైపు పోలేదు. చీర ఎగదోపి, ముళ్లూ పొదలూ చూడకుండా మోటారు పడవ వైపు పరిగెత్తింది. “ఈల ఇంకా వెయ్యలేదు పిన్నీ,” అంటున్న గంగాధర్‌ని చెంప మీద ఒక్కటి వేసి, తాడు తనే విప్పింది.

మోటారు పడవ వచ్చేసరికి చెక్క పడవ అంచులు మునిగాయి. హేమ గడ్డం దాకా నీళ్లు. పోలరాజు పిల్లని కుడిచేత్తో పైకెత్తి అందించాడు. మంగాయమ్మ జుట్టూ రవికా కలిపి పట్టి లాగేసింది. గంగాధర్ అతన్ని చంకల కింద పట్టి ఎక్కించేసరికి ఇసక బస్తాలతో సహా పడవ కాళ్ల కింద నుంచి వెళ్లిపోయింది. తలగుడ్డ కట్టిన తెడ్డు ఒక్కటి తేలుతూ మిగిలింది.

ఒడ్డుకి చేరాక లక్ష్మీకాంత్‌కి సంగతి తెలిసి మైకు ఆపేశాడు. పెద్దలకి మాత్రం ఏమీ తెలియదు. ఇంత సహజమైన ప్రదర్శన తామెన్నడూ చూడలేదని, తడిసి ముద్దైన పోలరాజు భుజాల మీద శాలువా కప్పారు. అతను దాన్ని తీసి హేమకి చుట్టాడు.

“ఎట్టా తెలిసిందే?” అన్నాడు భార్యతో.

“ప్రతీసారీ ఆకర్దాకా నా పేరెట్టి కేకలేసేటోడివి. ఇయాళ సగంలో ఆగిపోయి కుయ్యనలేదు, కయ్యనలేదు. నిజంగా పోయేటోడు అంతేగా మావా.” ఆమె పిల్ల తల తుడుస్తోంది. తుడుస్తూనే అంది. “నువ్వు ఒడ్డుకి దగ్గర్లో ఉన్నావ్ కాబట్టి సద్దు లేదని తెలిసింది. సముద్రం మీద ఎవుడు కేకేసినా ఇనపడదు. గుడ్డ ఒకటే కనపడతది.”

పోలరాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఎండాకాలపు చేపల వేట నిషేధం ముగిసి మణికుమార్ ఆ తెల్లవారుజామునే సముద్రం మీదికి వెళ్లాడు. పాలెం కుర్రాళ్లు పడవల మీద తలగుడ్డలెత్తి నవ్వుకుంటున్నారని చెప్పింది వాడే.

ఆఫీసుకి పరిగెత్తి తన ఫోను తీసుకుని కొడుక్కి చేశాడు. అందుబాటులో లేరని చెప్పింది. మళ్లీ చేశాడు. ఏం చెప్పాలనుకున్నాడో అతనికే తెలియదు. ఎత్తొద్దని చెప్పాలా? నిజంగా అవసరమొస్తే వాడింకేం ఎత్తుతాడు?

బయట రేవు మెట్ల మీద ఆట చూసిన పిల్లలు చేతిరుమాళ్లు కర్రలకి కట్టి పైకెత్తి, “మంగా! మంగా!” అని అరుస్తూ గెంతుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు నవ్వుతూ ఫొటోలు తీస్తున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఇన్నాళ్లూ వీపు తిప్పి నిలబడ్డ మంగాయమ్మ ఇప్పుడు మాత్రం మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, పైకి లేచిన ప్రతి గుడ్డనీ, అది కిందికి దిగేదాకా చూస్తూ కూర్చుంది. పోలరాజు ఆఫీసు గుమ్మంలో నిలబడి మళ్లీ ఫోను చేశాడు.